ఉద్దాల ముందు వంగే వీపు

దీపావళి దాటిందంటే పాలమూరు జనం చూపంతా జాతర జరిగే కురుమూర్తి గుట్ట దిక్కే. కార్తీక శుద్ధ సప్తమినాడు చిన్నవడ్డెమాన్ నుంచి ఉద్దాలు ఊరేగింపుగా బయలుదేరతాయి. ఉద్దాలంటే స్వామివారి పాదుకలు. నియమంతో ఉండి వాటిని తోలుతో కుట్టేది దళిత కుటుంబాలవారు. అప్పుల బాధతో తిరుపతి విడిచి వచ్చిన వేంకటేశ్వరుడి పాదాలు కందిపోతుంటే కృష్ణమ్మ పాదుకలు ఇచ్చిందని స్థలకథ. గుట్టమీది ఉద్దాల మండపంలో భక్తులు వంగి, ఆ ఉద్దాలతో వీపు మీద కొట్టించుకుంటారు. చేసిన తప్పులు తొలగుతాయని నమ్మకం. అక్కడ ఎవరి తప్పుకు వాళ్లే వంగాలి. పక్కవాడి తప్పు చెప్పడానికి ఆ వరుసలో చోటు లేదు.

జాతర రోజుల్లో భక్తుల వాట్సాప్ గ్రూపులు కూడా నిండిపోతాయి. బస్సు ఎన్నింటికి, కురుమూర్తి స్టేషన్లో ఏ రైలు ఆగుతుంది, దాసంగం (స్వామికి పెట్టే నైవేద్యం) వండుకోను చోటు ఎక్కడ, తప్పిపోయిన పిల్లగాడు ఎవరి దగ్గర ఉన్నాడు, అన్నీ అందులోనే. అడ్మిన్‌గా ఆ గ్రూపును చూసుకోవడం జీతం లేని సేవ. తప్పుడు మాట వస్తే తీసేయాలి, గొడవ ముదిరితే ఆపాలి. చిక్కేమిటంటే, ఈ సేవకు ముందుకొచ్చేవాళ్లు సాధారణంగా గ్రూపులో ఎక్కువ మాట్లాడినవాళ్లే. ఎక్కువ మాట్లాడినవాళ్లకే ఎక్కువ తగాదాలు. పాత మాటలు అందరి ఫోన్లలో పదిలంగా ఉంటాయి.

అందుకే అడ్మిన్ బాధ్యత అడిగేటప్పుడు అందరూ రాసే వాక్యం ఒకటుంది: "నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే క్షమించండి." ఆ 'ఉంటే' దగ్గరే అసలు తిరకాసు. జరిగిందో లేదో తేల్చే పని ఎదుటివాళ్ల మీద పడుతుంది.

పూజ చివర మనం రోజూ చదివే శ్లోకంలో ఈ 'ఉంటే' లేదు.

యాని కాని చ పాపాని జన్మాంతర కృతాని చ
తాని తాని ప్రణశ్యంతి ప్రదక్షిణ పదే పదే

ఏయే పాపాలు చేశామో అవన్నీ ప్రదక్షిణలో అడుగడుగునా నశిస్తాయని అర్థం. 'తాని తాని' అని రెండుసార్లు అనడం చూడండి. అవి, అవి. మూటగట్టి ఒక్కసారి పారేయడం కాదు, ఒక్కొక్కటి విడివిడిగా పోవడం. 'పదే పదే' కూడా అంతే, అడుగుకొక లెక్క. మనమేమో మూడు చుట్లు గబగబా తిరిగి, శ్లోకం పూర్తయ్యేలోపు ప్రసాదం దిక్కు చూస్తుంటాం.

అడ్మిన్ బాధ్యత అడగాలనుకున్నవారు ముందురోజు సాయంత్రం దీపం పెట్టి, ఫోను, నోటుబుక్కు పట్టుకుని కూర్చోవాలి. పోయిన జాతర నుంచి ఈ జాతర దాకా తాము పంపిన మెసేజులే చదవాలి, ఎదుటివాళ్లవి కాదు. దొరికిన ప్రతి తప్పుకూ నాలుగు గళ్లు: ఏమన్నాను, ఎవరికి తగిలింది, తర్వాత ఏం సరిచేశాను, మళ్లీ అదే సందర్భం వస్తే ఏం చేస్తాను. మూడో గడి ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది, దానికి భయపడొద్దు. కనుక్కోకుండా పంపిన పుకార్లు, భాషనో కులాన్నో ఎత్తిపొడిచిన మాటలు, కోపంతో గ్రూపు విడిచి పోవడం కంటికి తొందరగానే కనబడతాయి. కనబడనిది ఒకటుంది. మన దోస్తు ఇంకొకరిని తిడుతుంటే మనం ఊరుకున్న రోజు. దానికి మెసేజు ఉండదు కదా! రేపు అడ్మిన్ అయినవాడికి మొదట ఎదురయ్యేది ఆ తప్పే. పొద్దున్నే పంపే పూల బొమ్మల సంగతి దేవుడే చూసుకుంటాడు, వాటిని లెక్కలో వేయనక్కర్లేదు.

ఆ తర్వాత ఆత్మప్రదక్షిణ. అక్షతలు, పూలు చేతిలో పట్టుకుని నిలబడినచోటే కుడివైపుగా మూడుసార్లు తిరిగేటప్పుడు, నోటుబుక్కులోని మూడు పెద్ద తప్పులను చుట్టుకొకటి చొప్పున మనసులో పేరుపెట్టి తలచుకోవాలి.

ఇక్కడ చెడేది ఎక్కడంటే, కొందరు పాత మెసేజులు తీసేసి శుభ్రమైపోయామనుకుంటారు. స్మృతులు ప్రాయశ్చిత్తానికి చెప్పినవాటిలో మొదటిది ఖ్యాపనం, అంటే బయటికి చెప్పుకోవడం. రెండోది అనుతాపం, అంటే పశ్చాత్తాపం. చెరిపేయడం వాటిలో లేదు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. నొచ్చుకున్న మనిషి పేరుతో సహా గ్రూపులో పెట్టేస్తారు. ఆ మనిషికి అది రెండో దెబ్బ. ముందు వారికి విడిగా ఫోన్ చేసి మాట్లాడాలి, గ్రూపులో పేరు ఎత్తొద్దు. "కానీ వాళ్లే ముందు మొదలుపెట్టిండ్రు" అన్న ముక్క రాస్తే పైన రాసిందంతా కొట్టుకుపోతుంది.

బాధ్యత అడిగే మెసేజు నాలుగైదు వాక్యాలు చాలు. "పోయిన జాతరల దర్శనం ఆపేసిండ్రని కనుక్కోకుండనే పంపిన. కొందరు దారిలనుంచే వెనక్కి పోయిండ్రు. తప్పని మరునాడు రాసిన, అప్పటికే ఆలస్యమైంది. ఇగ దేవస్థానం ప్రకటన చూసేదాక అట్లాంటిది పంపను, ఎవరన్న పంపితే ముందు వాళ్లను అడుగుత." ఇంతకన్నా పొడుగైతే పశ్చాత్తాపం పోయి ప్రదర్శన అవుతుంది.

పొద్దున సంధ్యలో నీళ్లు పుచ్చుకుంటూ చెప్పే మంత్రం "సూర్యశ్చ మా మన్యుశ్చ" అని మొదలవుతుంది. మన్యువంటే కోపం. కోపం వల్ల జరిగిన పాపాల నుంచి కాపాడమని, రాత్రి మనసుతో, మాటతో, చేతులతో చేసినవి పోగొట్టమని వేడుకోలు. సాయంత్రం పగటి లెక్క. చేతులతో అన్నచోట ఈ కాలంలో బొటనవేలు గుర్తుకురావాలి. బాధ్యత చేతికొచ్చాక కోపంలో ఉన్నప్పుడు ఎవరినీ గ్రూపులోంచి తీయకూడదు. తగాదాలో తానో తన చుట్టమో ఉంటే, ఆ సంగతి ఇంకో అడ్మిన్‌కు అప్పగించి పక్కకు జరగాలి.

అడ్మిన్‌ను ఎంచుకునే పెద్దలకూ గీతలో ఒక మాట ఉంది. ఎంత దురాచారుడైనా అనన్యంగా నన్ను కొలిస్తే సాధువనే తలచాలని తొమ్మిదో అధ్యాయం 30వ శ్లోకం. కారణం కూడా అక్కడే ఉంది: "సమ్యగ్వ్యవసితో హి సః", వాడి నిశ్చయం సరైనది కనుక. మచ్చలేనివాడు కనుక అనలేదు. అయితే నిశ్చయం నిలుస్తుందో లేదో చూడటానికి కొన్ని రోజులు కావాలి. పాడ్యమి నుంచి సప్తమి దాకా బస్సు వేళలు, తప్పిపోయినవారి కబుర్లు మాత్రం అప్పగించి, మనుషుల్ని తీసేసే అధికారం తర్వాత ఇవ్వడం మేలు.

పెద్దలు బాధ్యత ఇవ్వం, కాదన్నా నొచ్చుకోవాల్సిన పని లేదు. ఆత్మకూరు బస్సు ఎన్నింటికని ఎవరో ముసలమ్మ కోసం అడుగుతూనే ఉంటారు. దానికి జవాబు రాయడానికి అడ్మిన్ కానక్కర్లేదు.