ప్రథమ పురుష తెచ్చిన తంటా

అధ్యాపక అర్హత పరీక్ష ‘నెట్’కు ఇంగ్లిష్ సబ్జెక్టు చదువుతున్న రోజుల్లో ఒక నమూనా పరీక్షలో జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల కథనం మీద ప్రశ్న వచ్చింది. తడుముకోకుండా ‘ఫస్ట్ పర్సన్’ గుర్తు పెట్టి రెండు మార్కులు పోగొట్టుకున్నాను. ఇంటికి వచ్చి నోట్సు తీస్తే, నా చేతిరాతతోనే ‘ప్రథమ పురుష’ అని ఉంది. డిగ్రీ దాకా తెలుగు మీడియం కాబట్టి నోట్సు తెలుగులో రాసుకునే అలవాటు. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, వాళ్లు. ‘నేను’ ఉత్తమ పురుష. ఇంగ్లిష్‌లో ఈ వరస తిరగబడుతుంది. నోట్సు సరిగ్గానే ఉంది, హడావిడిలో దాన్ని మాటకు మాట మార్చుకున్న బుర్రదే తప్పు. నాలా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి.

అయినా, నవల సాంతం చదివి ఉంటే ఆ పొరపాటు జరిగేదే కాదు. నేను చదివింది గైడు. ప్రతీకలకు ఒక పేజీ, నేపథ్యానికి (కథ జరిగే కాలం, స్థలం) ఒకటి, కథనానికి ఒకటి. ప్రతీకల పేజీలో ‘గాజు పేపర్‌వెయిట్: గతం’ అని ఒక ముక్క. అంతే.

ఆ ముక్క నవల్లో ఏం చేస్తుందో చూడండి. జనాన్ని అనుక్షణం కనిపెట్టే నియంతృత్వ రాజ్యంలో బతికే కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ పాత సామాన్ల దుకాణంలో నాలుగు డాలర్లు పెట్టి దాన్ని కొంటాడు. ఒక పక్క గుండ్రంగా, మరో పక్క చదునుగా ఉన్న గాజుముద్ద. లోపల గులాబీ రంగు పగడం. హిందూ మహాసముద్రం నుంచి వచ్చి ఉంటుందంటాడు దుకాణదారు. తర్వాత విన్‌స్టన్ ఆ దుకాణం మేడమీది గదినే అద్దెకు తీసుకుని ప్రియురాలు జూలియాను కలుస్తుంటాడు. ఆ గదే ఈ గాజు అనీ, లోపలి పగడం తామిద్దరి బతుకు అనీ అతనికి తోస్తుంది. ఇక ప్రతీకను ఒక పేజీలో, స్థలాన్ని ఇంకో పేజీలో ఎలా రాస్తాం? చివరకు గోడమీది బొమ్మ ఊడి కిందపడి, వెనక దాగిన టెలిస్క్రీన్ (మనుషుల్ని చూసే, వాళ్ల మాటలు వినే నిఘా తెర) బయటపడుతుంది. పట్టుకోవడానికి వచ్చినవాళ్లలో ఒకడు గాజును రాతి మీద కొట్టి పగలగొడతాడు. పగడం ముక్క చాప మీద దొర్లుతుంది. ఇది ఇంత చిన్నదా అనుకుంటాడు విన్‌స్టన్. ఇన్నాళ్లూ గాజే దాన్ని పెద్దదిగా చూపించింది.

బొమ్మ వెనక టెలిస్క్రీన్ ఉందని అతనితో పాటు మనకూ అప్పుడే తెలుస్తుంది. కథకుడు అతన్ని ‘అతను’ అనే పిలుస్తాడు కానీ, అతనికి కనబడనిది మనకూ చూపించడు. నేను పోగొట్టుకున్న రెండు మార్కుల జవాబు ఇదే: పరిమిత థర్డ్ పర్సన్. మధ్యమధ్య డైరీలో ‘నేను’ వినబడుతుంది, అది చూసి మోసపోకూడదు.

ఆ డైరీ పుట్టడానికి కూడా గది అమరికే కారణం. మామూలుగా చివరి గోడకు ఉండవలసిన టెలిస్క్రీన్ అతని ఇంట్లో పొడుగు గోడకు ఉంది. దాంతో పక్కనున్న చిన్న గూడు దాని చూపుకు అందదు. అక్కడ కూర్చుని 1984 ఏప్రిల్ 4 అని తేదీ వేస్తాడు. వేశాక, ఇది నిజంగా 1984 అవునో కాదో అని అనుమానపడతాడు. చరిత్రను రోజూ దిద్దే రాజ్యంలో తేదీకి కూడా దిక్కు లేదు. కాలం, స్థలం అంటూ గైడు రాసిన ‘లండన్, 1984’ చదివితే ఈ సంగతి తెలియదు.

ఇంకో మాట. కథ అయిపోయిందని పుస్తకం మూసేయకండి. వెనక న్యూస్పీక్ మీద, అంటే ఆ రాజ్యం తయారుచేసిన అధికార భాష మీద, అనుబంధం ఉంది. మొదటి అధ్యాయంలోనే పేజీ అడుగున ఒక చిన్న గమనిక మనల్ని అక్కడికి పంపుతుంది. అందులో ఆ భాష గురించి చెప్పేదంతా భూతకాలంలో ఉంటుంది. అంటే ఆ రాజ్యం ఎప్పుడో కూలిపోయిందా? అవుననే విమర్శకులున్నారు. నాకు మాత్రం విన్‌స్టన్ ఓటమి చదివిన వెంటనే ఆ ఊరట అంత సులువుగా మింగుడుపడలేదు. మార్గరెట్ ఆట్‌వుడ్ ‘ది హాండ్‌మెయిడ్స్ టేల్’ (1985) చివర్లో 2195లో జరిగిన సదస్సు ప్రసంగం వస్తుంది. అప్పటిదాకా ‘నేను’ అంటూ ఒక స్త్రీ చెప్పుకున్న బతుకును పండితులు టేపుల్లోంచి ఎత్తి రాశారని అక్కడ తెలుస్తుంది. ఆ రెండు ముగింపులనూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి చదవండి. నేను వాటికి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించాను, సాయంత్రం దాకా వేరే పుస్తకం ముట్టలేదు.