బ్రిటిష్ పాస్‌పోర్టు, తెనాలి పొలం

బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటున్నానంటే చుట్టాలంతా అడిగింది ఒకటే: "ఇండియన్ పాస్‌పోర్టు కూడా ఉంచుకోవచ్చుగా?" కుదరదు. రెండు పౌరసత్వాలున్నా బ్రిటన్‌కి అభ్యంతరం లేదు, ఒప్పుకోనిది మన చట్టమే. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం కోరి వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది దానంతటదే పోతుంది, పాత పాస్‌పోర్టు బీరువాలో భద్రంగా ఉన్నా సరే. బర్మింగ్‌హామ్‌లో రాజుగారి పేర ప్రమాణం చేసి, బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చాక ఇండియన్‌ది సరెండర్ చేశాను. రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చేస్తారు. దాన్ని, సరెండర్ సర్టిఫికెట్‌నీ పారేయకండి, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే జీవితకాల వీసా లాంటి కార్డు) దరఖాస్తుకి రెండూ కావాలి.

ఓసీఐ పని విసుగే తప్ప కష్టం కాదు. ఈ పథకం మొదలైంది కూడా మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో, ప్రవాసీ భారతీయ దివస్ సభలో. ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడలేం. ఎన్నాళ్లు ఉన్నా వీసా గొడవ లేదు కాబట్టి, విజయవాడకి మకాం మార్చేద్దామని ధైర్యంగా వచ్చేశాం.

అసలు కథ పొలం దగ్గర మొదలైంది. తెనాలి దగ్గర నాన్నకి కొంచెం మాగాణి ఉంది. ఊళ్లో ఇల్లు, పొలం రెండూ ఒకేసారి నా పేర దాన సెటిల్‌మెంటు రాసేద్దామని ఆయన పట్టు. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉండే డాక్యుమెంటు రైటర్ కాగితాలు తిరగేసి, "అమ్మాయిగారిది ఏ పాస్‌పోర్టండీ?" అన్నాడు. చెప్పాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇల్లు రాసిచ్చుకోండి మాస్టారూ. పొలం మటుకు ఇలా కుదరదు."

"నా పొలం, నా కూతురు. మధ్యలో ఎవడికయ్యా నొప్పి?" అన్నారు నాన్న.

నొప్పి ఫెమాది, అంటే విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టానిది. దాని కింద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో స్థిరపడిన ఓసీఐలు ఇల్లు, ఫ్లాటు, దుకాణం కొనుక్కోవచ్చు, దగ్గరి బంధువు నుంచి దానంగా కూడా తీసుకోవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ అయితే కొనడమూ లేదు, దానంగా పుచ్చుకోవడమూ లేదు. వారసత్వంగా వస్తే మాత్రం ఏ భూమైనా మనదే. తర్వాత అమ్ముకోవాలంటే ఇండియాలో ఉండేవాళ్లకే అమ్మాలి, ఇంకో ఓసీఐకి కుదరదు. మేం ఇక్కడికి వచ్చేశాం కదా, ఫెమా లెక్కలో ఇప్పుడు రెసిడెంట్లమే కదా అని నేను వాదన ఎత్తుకున్నాను. పాస్‌పోర్టు బ్రిటిష్‌ది అయినప్పుడు పొలం విషయంలో ఆ వాదనని నమ్ముకుని సంతకం పెట్టొద్దని లాయరు గట్టిగా చెప్పారు. అమరావతి చుట్టుపక్కల గజాల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు చూసి మురిసిపోయే ఎన్నారైలు కూడా కాస్త ఆగి అడంగల్, 1బి అనే రెవెన్యూ భూమి రికార్డులు చూసుకోవాలి. బ్రోషర్‌లో ఏం రాసినా రికార్డులో అది ఇంకా సాగుభూమే కావచ్చు.

చివరికి ఇల్లు దానంగా రాశారు, పొలానికి వీలునామా. వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించాం. పట్టాదారు పాసుపుస్తకం నంబరు, సర్వే నంబర్లు, హద్దులు అందులో రాయించమని నేనే పట్టుబట్టాను, రేపు మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పుకి, తహసీల్దారు ఆఫీసుకి వెళ్లినప్పుడు ఏ ముక్క ఎవరిదన్న పేచీ రాకుండా.

బర్మింగ్‌హామ్ ఇల్లు అద్దెకిచ్చాం. యజమాని బయట దేశంలో ఉంటే ఏజెంటు అద్దెలో 20 శాతం పన్ను పట్టుకుంటాడు. అక్కడి పన్నుల శాఖకి ముందే దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకుంటే పూర్తి అద్దె చేతికొస్తుంది, పన్ను లెక్క ఏడాది చివర చూసుకోవచ్చు. అమ్మితే మాత్రం పన్ను కట్టాల్సింది లేకపోయినా 60 రోజుల్లో వాళ్లకి తెలియజేయాలి.

వైద్యం సంగతి మా ఆయనకి ఒక పట్టాన మింగుడు పడలేదు. "ఇన్నేళ్లు నేషనల్ ఇన్సూరెన్స్ కట్టాం కదే!" అంటారు, అక్కడ జీతంలోంచి ప్రభుత్వానికి కట్టిన చందాని తలుచుకుని. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చూసేది కట్టిన పన్నునీ కాదు, పాస్‌పోర్టునీ కాదు. అక్కడ కాపురం ఉంటున్నామా లేదా అన్నదే. చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితం. ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో చేర్చుకుంటే మామూలు రేటుకి 150 శాతం చొప్పున బిల్లు రావచ్చు. మళ్లీ స్థిరపడటానికి వెళ్తే మొదటి రోజు నుంచే అర్హత ఉంటుంది. అందుకని మా జీపీకి, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరుకి, వెళ్లిపోతున్నామని రాసిచ్చి, పాత రికార్డుల నకళ్లు తెచ్చుకున్నాం. పెన్షన్‌కీ ఓ మెలిక ఉంది. ఇండియాలో ఉండేవాళ్లకి బ్రిటిష్ స్టేట్ పెన్షన్ వస్తుంది కానీ ఏటా పెరగదు.

ఆ రికార్డులు ఇక్కడ హెల్త్ పాలసీ తీసుకునేటప్పుడు అక్కరకొచ్చాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకి కవర్ మొదలవడానికి కంపెనీలు పెట్టగల గడువు 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు. మా ఆయన బీపీని, నా థైరాయిడ్‌ని దరఖాస్తులో దాచకుండా రాశాం. ఏజెంటు మాత్రం "ఇవన్నీ ఎందుకు మేడమ్, ప్రీమియం పెరుగుద్ది" అని ఒకటికి రెండుసార్లు గొణిగాడు. రేపు క్లెయిమ్ తిరగ్గొడితే ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడేది మేమే కదా, రాసింది రాసినట్టే పంపమన్నాను.