తీతువుకు చెట్టు అక్కరలేదు

వెనక ఖాళీ స్థలంలో తీతువులు ఇంకా అరుస్తూనే ఉన్నాయి. నిద్ర చెడింది వాటివల్లే అయినా, కోపం వాటి మీద కాదు. పై అంతస్తు ఆయన మీద.

ఆ కంకరలో 4 గుడ్లున్నాయని అందరికంటే ముందు చూసింది ఆయనే, కాదనను. అయితే అప్పటినుంచీ ఫోనులో తీతువు కూత వినిపించి, పిట్టను దగ్గరకు రప్పించి ఫోటోలు తీస్తున్నారు. తన చోటులోకి మరో జంట చొరబడిందనుకుని అది గుడ్లు వదిలేసి వస్తుంది. ఈ ఎండలో, నీడ లేని రాళ్ల మధ్య ఆ గుడ్లు ఎంతసేపు ఆగుతాయి? ఆడా మగా వంతులు వేసుకుని సుమారు 28 రోజులు పొదుగుతాయి. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ గుడ్లు చల్లబరుస్తాయి. ఈయనకేమో కళ్ల ముందరి ఆ ఎర్ర తోలు ఫోటోలో స్పష్టంగా పడాలి! అడిగితే "పక్షులంటే నాకూ ప్రేమేనండీ" అన్నారు. ఉండవచ్చు. ఆ ప్రేమేదో ఫోను జేబులో పెట్టుకుని చూపించవచ్చుగా.

చిన్నప్పుడు తమ్ముడూ నేనూ బీడులో తీతువు పిల్లల వెంట పడ్డాం. గుడ్డులోంచి వచ్చిన కొన్ని గంటలకే నడిచేస్తాయవి. తల్లి ఒక్క అరుపు అరిచింది, అన్నీ మాయం. ఎంత వెతికినా మట్టీ రాళ్లూ తప్ప ఏమీ లేవు. ఉన్నట్టుండి వాడు "అక్కా, కదలకు" అన్నాడు. నా చెప్పు పక్కనే ఒక మట్టిగడ్డ, దానికో కన్ను! పెద్దవి రెండూ తలల మీదకు దూకుతుంటే, అడుగు వేసే చోటల్లా చేత్తో తడిమి చూసుకుంటూ వెనక్కి వచ్చాం. ఆలస్యమైనందుకు తిట్లు నాకే పడ్డాయి. వాడికెందుకు పడలేదో ఇప్పటికీ అర్థం కాదు.

రాస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ఇక్కడ చెట్లు పెంచాలని ఇన్నాళ్లూ గొడవ చేస్తున్నది నేను. ముందు వీధిలో నాటినవి ఎదిగాక పికిలి పిట్టలు, గోరింకలు, తేనెపిట్టలు వచ్చాయి కూడా. కానీ తీతువుకు కావలసింది చెట్టు కాదు, పిల్లి వస్తే దూరం నుంచే కనిపించే బోడి నేల. వెనక స్థలం చుట్టూ నా మొక్కలు గుబురుగా ఎదిగితే, దాన్ని సాగనంపేది ఫోటోల ఆయన కాదు, నేనే. అలాగని కంకరను కాపాడమని ఎవరిని అడగను? రేపో మాపో అక్కడా ఇల్లు లేస్తుంది. మా ఇల్లు లేచినప్పుడు ఈ నేల మీద ఏ పిట్ట ఉందో ఎవరం చూశాం?

మొక్కలు వానలు పడ్డాక నాటిద్దామని మా ఆయనతో అన్నాను. "పిల్లలు నడిచి వెళ్లిపోయాక అను" అన్నారు, కళ్లు తెరవకుండానే. సరే, మొక్కల సంగతి అప్పుడే చూద్దాం. పై అంతస్తు తలుపు మాత్రం పొద్దున్నే తడతాను.