సజ్జ మీది ఆకుపచ్చ గిన్నె

ఆదివారం, నల్లగొండ.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండడంతో ఇల్లు దులిపే పని ఈ రోజు సజ్జ దాకా వచ్చింది. నాయనమ్మ పోయిన తరువాత ఎవరూ తెరవని సందుగలో, పాత ధోవతి గుడ్డల మడతల్లో, ఆమె దాచుకున్న రంగు గాజు సామాను బయటపడింది. లేత ఆకుపచ్చ గిన్నె ఒకటి, తేనె రంగు గ్లాసులు ఐదు, అంచున బంగారు గీత ఉన్న పాలగాజు సాసర్లు రెండు, ఒక గోలీ సోడా సీసా. మధ్యాహ్నం భోజనానికి లేచిన అరగంట తప్ప మిగిలిన రోజంతా వాటి ముందే కూర్చున్నాను.

రంగును చూసి గాజు వయసు చెప్పే వాళ్ల మాట నేను నమ్మను. కోబాల్టు కలిస్తే నీలం, ఇనుము కలిస్తే ఆకుపచ్చ, ఇనుముకు గంధకమూ బొగ్గూ తోడైతే తేనె రంగు వస్తాయి; నూరేళ్ల కింద ఇవే దినుసులు, ఇప్పుడూ ఇవే. అందుకే ఏ వస్తువునైనా ముందు బోర్లించి అడుగు చూస్తాను, తరువాత గాజు పోసిన అచ్చు సగాలు కలిసిన చోట పడే అతుకు గీత ఎక్కడి దాకా పోయిందో వేలితో తడిమి చూస్తాను.

తేనె రంగు గ్లాసుల సంగతి తొందరగానే తేలింది. అడుగున డ్యూరాలెక్స్ అని కంపెనీ పేరూ, ఫ్రాన్స్ అనీ ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. వాటి పక్కనున్న అంకెను చాలామంది సంవత్సరమో, మరేదో అనుకుంటారు గాని అది ఏ అచ్చులో పోశారో చెప్పే సంఖ్య మాత్రమే. చిన్నాయన దుబాయి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చినవని నాన్న చెప్పారు.

సాసర్ల దగ్గర తప్పు చేశాను. మురికి పోవాలని ఒకదాన్ని పీచుతో రుద్దితే బంగారు గీత సగం చెరిగిపోయింది. ఆ పూత గాజు పైన సన్నగా పట్టించినదే తప్ప గాజులో కలిసినది కాదు. నాయనమ్మ చేతుల్లో ఇన్నేళ్లు చెక్కుచెదరనిది నా చేతిలో ఒక్క నిమిషంలో పోయిందని మనసు చాలాసేపు కలత పడింది. రెండోదాన్ని తడిగుడ్డతో అద్ది పక్కన పెట్టాను. పాలగాజుకు ఆ తెలుపు ఎక్కువగా ఫ్లోరిన్ లవణాల వల్లే వస్తుంది. గాజు చల్లబడేటప్పుడు అవి కంటికి కనిపించనంత సన్నని రవ్వలుగా విడిపోయి వెలుతురును చెదరగొడతాయి. మర్రిగూడ వైపు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చిన్నప్పటి నుంచి చూసిన నాకు, ఆ సాసరు తెలుపును ఉత్త అందంగా చూడడం సాధ్యం కావడం లేదు.

సోడా సీసా లోపల తెల్లని పొర కట్టి ఉంది. మా బోరు నీళ్ల ఉప్పు పొర అయితే నిమ్మరసానికి కరుగుతుంది, గాజే తినుకుపోయి ఉంటే ఎంత నానబెట్టినా పోదు. గంటసేపు నిమ్మరసం నింపి ఉంచి కడిగితే తేటగా వచ్చింది గనుక అది నీళ్ల పొరే. వయసు మాత్రం తేలలేదు. ఇంగ్లండులో హైరమ్ కాడ్ ఈ గోలీ సీసాకు పేటెంటు పొందింది 1872లో. అయితే నా చిన్నతనంలో గడియారం సెంటర్ దగ్గర తాగిన సోడా కూడా ఇదే ఆకారం సీసాలో ఉండేది. అతుకు గీత మూతి కిందనే ఆగిపోతే ఆ సీసా యంత్రాలకు ముందు కాలానిదని, అంటే 1903లో అమెరికాలో మైఖేల్ ఓవెన్స్ సీసాల యంత్రం రాకముందో, వచ్చిన కొత్తలోనో చేసినదని, విదేశీ పట్టికలు చెబుతాయి. ఆ లెక్క మన సీసాలకు పనికిరాదు. గోలీని లోపల వేసిన తరువాతనే మూతిని బిగించి ముగించాలి కాబట్టి గీత మూతి కిందనే ఆగడం వయసుకు గుర్తు కాదు. పైగా ఫిరోజాబాద్ కొలుముల్లో గొట్టంతో ఊది గాజు చేసే పని ఎన్నడూ ఆగలేదు. చేతితో చేసినదని గాజు చెబుతుంది గాని, ఎప్పుడు చేశారో దానంతట అది చెప్పదు.

గిన్నె కోసం తమ్ముడి దుకాణం నుంచి దొంగనోట్లు కనిపెట్టే అతినీలలోహిత (యూవీ) టార్చి తెప్పించి, దేవుడి గది తలుపు మూసి దాని మీద వేశాను. గిన్నె మొత్తం, అంచు నుంచి అడుగు దాకా, లోపల దీపం పెట్టినట్టు పచ్చగా వెలిగింది. మాంగనీసు ఉన్న గాజు కూడా మసకగా మెరుస్తుంది గాని ఇంత ధగధగ గాజులో కలిపిన యురేనియానిదే. ఆ పేరు వినగానే అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"పెద్దగట్టు కాడ తవ్వనియ్యొద్దని జనం కొట్లాడింది దీనికోసమేనా బిడ్డా? గిది ఇంట్ల ఉండొద్దు."

ఆమె భయాన్ని తేలికగా తీసుకోలేను. యురేనియం తవ్వుతామన్న లంబాపూర్, పెద్దగట్టు పేర్లు ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు; నల్లమలలో తవ్వకాలు వద్దని 2019లో శాసనసభ తీర్మానమే చేసింది. ఇలాంటి గాజులో యురేనియం సాధారణంగా నూటికి రెండు వంతులకు మించదనీ, బీరువాలో పెట్టి చూసుకుంటే ప్రమాదం లేదనీ, పచ్చడి, పులుసు వంటి పుల్లనివి మాత్రం అందులో పోయకూడదనీ నిదానంగా చెప్పాను.

తరువాత గిన్నెను బోర్లించి అడుగు మీద నోటితో ఆవిరి ఊదాను. ఆవిరి పట్టిన ఆ రెండు క్షణాల్లో, ఆమ్లంతో ముద్రించిన సన్నని ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా తేలి మాయమయ్యాయి: చెకోస్లోవేకియా. నాలుగుసార్లు ఊదితే గాని పూర్తిగా చదవలేకపోయాను. ఆ పేరుతో దేశం ఏర్పడింది 1918లో. 1939లో జర్మనీ ఆక్రమణతో ఆ పేరు మరుగున పడి, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చింది. యురేనియం అణుబాంబు పనికి మళ్లడంతో యుద్ధకాలంలో ఈ గాజు తయారీ చాలాచోట్ల ఆగిపోయింది. తరువాతి కాలంలోనూ కొంత చేశారు కాబట్టి వెలుగు ఒక్కటే సాక్ష్యం కాదు. అడుగున ఉన్న గీతలు తలో దిక్కుకూ పోయి, కొన్ని లోతుగా, కొన్ని వెంట్రుకంత సన్నగా ఉన్నాయి. షాబాద్ బండ పరిచిన గూట్లో ఏళ్ల తరబడి జరిపితే పడే గీతలవి. పాతదిగా చూపాలని గరుకు కాగితంతో రుద్దితే అన్నీ ఒకే తీరున ఉంటాయి.

పోలీసు చర్యకు ఏడాది ముందు తన పెళ్లయిందని నాయనమ్మ చెప్పేది. అంటే 1947. గిన్నె పెళ్లికి కొన్నదేమోనని నాన్నను అడిగితే, ఆయన కొంతసేపు దాన్ని చేతిలో తిప్పి చూసి, "కాదు, దీన్ని ఎప్పుడూ మా అమ్మ గిన్నె అనేది" అన్నారు. ఆమె అమ్మదైతే యుద్ధానికి ముందరిదే కావాలి.

చీటీ మీద "చెకోస్లోవేకియా, 1918–1939, నాయనమ్మ వాళ్ల అమ్మది" అని పెన్సిలుతో రాసి గిన్నెలో పెట్టాను. అమ్మ దాన్ని ఉతికిన ధోవతి గుడ్డలో చుట్టి, సజ్జ మీదికి కాకుండా తన బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టింది.