మూడో విడత కాఫీ దాకా

ఆడిస్ అబాబాలో రెండో రోజే ఒక మనిషిని నా కోసం రెండు గంటలు నిలబెట్టాను. "రేపు మూడింటికి వస్తా" అన్నాడు టాక్సీ ఆయన. మధ్యాహ్నం మూడే కదా అని పొద్దున్నే నడకకి వెళ్లి, పదకొండింటికి తిరిగొచ్చేసరికి హోటల్ ముందు కారుకి ఆనుకుని కనిపించాడు. ఇథియోపియాలో పొద్దు పొడిచినప్పటి నుంచి గంటలు లెక్కపెడతారు. మన ఏడు వాళ్లకి ఒకటి, మన తొమ్మిది వాళ్లకి మూడు. నాకు సిగ్గేసింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

మన పంచాంగంలో ఘడియలూ సూర్యోదయం నుంచే కదా! మనం ఆ లెక్కని ముహూర్తాలకి వదిలేశాం. వాళ్లు బడికీ బస్సుకీ కూడా అదే వాడుతున్నారు. నేను వెళ్లింది 2025 ఫిబ్రవరిలో. అక్కడి గోడ క్యాలెండర్‌లో 2017 అని ఉంది. 30 రోజుల నెలలు 12, ఆపైన ఐదారు రోజుల పాగుమే అనే 13వ నెల.

నన్ను పిలిచిన మిత్రుడు ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశాడు. ఆ దేశం నుంచి అక్కడికి చదువుకి వచ్చేవాళ్లు చాలామందే. విశాఖలో మా వీధిలోనే నాలుగేళ్లు అద్దెకున్నాడు. ఇప్పటికీ నన్ను "అన్నా" అనే పిలుస్తాడు. వాళ్లింట్లో చిన్న పాప పలక మీద వేలు పెట్టి "లె, లు, లి, లా, లే, ల్, లో" అని చదువుతుంటే నా ఒకటో తరగతి కళ్ల ముందు కొచ్చింది. అది గుణింతం! 33 అక్షరాలు, ఒక్కోదానికి 7 రూపాలు. గీజ్ అనే ప్రాచీన భాష నుంచి వచ్చిన ఆ లిపినే ఈనాటి అమ్హారిక్‌కి వాడుతున్నారు.

తమ మాటని తాము కాపాడుకోవడం అక్కడ ప్రాణం మీది వ్యవహారం. 1889లో ఇటలీతో వుచాలే ఒప్పందం రాసుకున్నారు. విదేశాలతో వ్యవహారాలకి చక్రవర్తి కావాలంటే ఇటలీ సాయం తీసుకోవచ్చని అమ్హారిక్ ప్రతిలో ఉంది. ఇటాలియన్ ప్రతిలో మాత్రం తీసుకుని తీరాలని ఉంది. ఆ తేడాతో దేశమే ఇటలీ చేతి కిందకి పోతుంది. చక్రవర్తి రెండో మెనెలిక్ ఆ ఒప్పందాన్ని కాదన్నాడు. 1896 మార్చి 1న అడ్వా కొండల్లో ఇటలీ సైన్యం చిత్తుగా ఓడింది. భార్య తైతు మహారాణి కూడా తన సైన్యంతో యుద్ధానికి నడిచింది. ఆడిస్‌లో కొత్తగా కట్టిన అడ్వా స్మారక భవనంలో ముసలివాళ్లు మనవళ్లకి ఆ కథ చెబుతుంటే, భాష తెలియకపోయినా నిలబడిపోయాను. 1935లో ఇటలీ మళ్లీ దండెత్తి, 1936 నుంచి ఐదేళ్లు ఆక్రమించుకుంది. ఆ అడ్వా ఉన్న టిగ్రాయ్‌లోనే 2020 నుంచి రెండేళ్లు సొంతవాళ్ల మధ్య యుద్ధం సాగింది. ఆ మాట ఎత్తితే మా వాడు తల దించుకున్నాడు. నేను మళ్లీ అడగలేదు.

బతుకు తేలిక కాదు. 2024 జూలైలో ప్రభుత్వం తమ కరెన్సీ బిర్ విలువని మార్కెట్‌కి వదిలేసింది. 57 బిర్‌లు ఉన్న డాలరు నేను వెళ్లేసరికి 120 దాటింది. లెక్చరర్ జీతంతో నెల గడవడమే టెన్షన్ అన్నాడు. అయినా పళ్లెం నిండుగానే వచ్చింది.

బుధ, శుక్రవారాలు ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. బుధవారం కావడంతో మంచి శాకాహారం దొరికింది. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, ఒకవైపే కాల్చిన పెద్ద అట్టు ఇంజెరా. దాని మీది చిల్లుల్ని వాళ్లు కళ్లు అంటారు. అందరికీ ఒకటే పళ్లెం. ఎర్ర పప్పు, శనగపిండితో చేసిన షిరో. వాళ్లమ్మ ఒక ముక్క తుంచి, పప్పు చుట్టి నా నోట్లో పెట్టింది. దాన్ని గుర్షా అంటారు. మన గోరుముద్దే. అమ్మ పోయాక అలా నా నోట్లో ముద్ద పెట్టినవాళ్లు లేరు. గొంతు పట్టేసింది.

తర్వాత కాఫీ. నేల మీద పచ్చగడ్డి పరిచి, పచ్చి గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగ మా ముఖాల దగ్గరికి తెచ్చింది. రోట్లో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచింది. అబోల్, తోనా, బరకా అని మూడు విడతలు. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదు. ఎగుమతుల్లో దేశానికి ఎక్కువ డబ్బు తెచ్చేవాటిలో కాఫీ ఒకటి. అరబికా కాఫీ చెట్టు పుట్టిల్లు కూడా ఆ దేశపు నైరుతి అడవులే.

నేను అరకు గింజల పొట్లం తీసుకెళ్లాను. అవీ అరబికాయే. మూడో విడతకి ఆమె వాటినే దంచింది. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని కొడుకుతో ఏదో అంది.

"మన గింజే కదా అంటోంది, అన్నా" అన్నాడు.