చేతులు ఆనించకుండా లేవమన్నారు

పోయిన ఏడాది మాఘమాసం పెళ్లిళ్ల గిరాకీలో ఒక పట్టు జాకెట్ కత్తిరించడానికి చాప మీద కూర్చున్నాను. పని అయ్యాక లేవబోతే లేవలేకపోయాను. నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్ని, తొడల్లో బలమే లేదు. కుట్టు మిషన్ కాలు పట్టుకుని, గోడకు చెయ్యి ఆనించి ఎట్లాగో నిలబడ్డాను. అప్పటికి నాకు 47 ఏళ్లు.

వరంగల్ శివనగర్‌లో మా ఇంటి ముందు గదిలోనే 22 ఏళ్లుగా జాకెట్లు, లంగాలు కుడుతున్నాను. చీరలకు ఫాల్, పీకో కూడా వేస్తాను. మోకాళ్ల నొప్పికి తొక్కుడు మిషనే కారణమని నాకు నేనే తేల్చుకుని మోటారు పెట్టించుకున్నాను. వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకున్నాను, నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి రుద్దుకున్నాను. ఆ వేడికి కాసేపు హాయిగానే ఉండేది, దాన్ని ఇప్పటికీ తక్కువ చేయను. నా తప్పు వేరే ఉంది. దగ్గర్లో ఒకాయన నొప్పి సూదులు వేస్తుంటే నెలల తరబడి వేయించుకున్నాను, ఆయనిచ్చిన గోళీలు మింగాను. కడుపులో మంట మొదలైంది. "వయసు మీద పడుతోందమ్మా, మోకాళ్లు అరిగినయి" అన్నాడే గానీ ఒక్క పరీక్ష రాయలేదు. నేనూ ఆ మాటే నమ్మి ఊరుకున్నాను. ఆ నెలలు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

చివరికి మా చెల్లె బలవంతంగా హనుమకొండలో బొక్కల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఎక్స్‌రే చూడకముందే, "చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండమ్మా" అన్నారు. మూడోసారికి గానీ లేవలేదు నేను. తర్వాత మోకాలి కింద, కాలి ముందు భాగంలో ఉండే ఎముకను బొటనవేలితో నొక్కారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నొప్పి కీలులోనే ఉందా, ఎముక పొడుగునా ఉందా? ఇంకెక్కడైనా ఉందా?" అని అడిగారు. నడుములో, పక్కటెముకల్లో కూడా ఉండేది నాకు. అవన్నీ వేరే వేరే నొప్పులనుకుని ఎవరికీ చెప్పలేదు.

రక్తపరీక్షలో విటమిన్ డి 9 వచ్చింది. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం కిందే లెక్క. ఆ పరీక్షకు పది జాకెట్ల కుట్టుకూలి పోయింది. కానీ ఏడాది పాటు సూదులకు పెట్టిన డబ్బు అంతకంటే చాలా ఎక్కువ. ఎక్స్‌రేలో మోకాళ్ల అరుగుదల కూడా కొద్దిగా కనిపించింది. "అరుగుదల ఒక జబ్బు, ఎముక మెత్తబడటం ఇంకో జబ్బు. మీకు రెండూ ఒకే కాలిలో ఉన్నయి. దేని మందు దానికే" అన్నారు డాక్టర్. ఈ మాట మోకాళ్ల నొప్పి ఉన్న ప్రతి ఒక్కరికీ చేరాలని నా కోరిక, ఇది రాస్తున్నదీ అందుకే.

మనం తిన్న తిండిలోని కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి సరిగ్గా చేరాలంటే విటమిన్ డి ఉండాలి. అది చాలా కాలం చాలకపోతే ఎముక గట్టిపడదు, తొడ కండరాలు, తుంటి కండరాలు నీరసిస్తాయి. పిల్లల్లో అయితే దీన్నే రికెట్స్ అంటారు, కాళ్లు వంకరపోతాయి. పెద్దవాళ్లలో దీని పేరు ఆస్టియోమలేషియా. నేల మీద నుంచి లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం, ఎముక నొక్కితే నొప్పి, ఇవే దాని గుర్తులు. గుజ్జు అరిగిన మోకాలిని మాత్రం విటమిన్ డి బాగుచేయదు.

ఎండ తగిలితే విటమిన్ డి మన చర్మంలోనే తయారవుతుంది. "ఇంత ఎండలున్న ఊర్లో నాకు ఎండ తక్కువెట్లా అయింది సార్?" అని అడిగాను. మా గల్లీలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నా మిషన్ కిటికీ పక్కనే, పొద్దున వెలుగు దాని మీదే పడుతుంది, అది చాలనుకున్నాను. కానీ చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు అద్దంలోంచి దాదాపు రావట. తెల్లవారి లేత ఎండలో కూడా అవి చాలా తక్కువ. మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడు ఆ కిరణాలు బాగా అందుతాయి. చామనఛాయ, నలుపు ఒంటికి ఇంకాస్త ఎక్కువ సేపు కావాలి. ఎండాకాలంలో మా దగ్గర మధ్యాహ్నం ఎండకు నిలబడటమంటే వడదెబ్బ కొనితెచ్చుకోవడమే. అందుకే పదిన్నర ప్రాంతంలో డాబా మీద చేతులు, మెడ, కాళ్లకు ఎండ తగిలేలా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చుంటున్నాను. గుడ్డు పచ్చసొనలో, చేపల్లో కొంత విటమిన్ డి ఉంటుంది. పాల ప్యాకెట్, నూనె ప్యాకెట్ మీద ప్లస్ పక్కన ఎఫ్ అనే గుర్తుంటే పోషకాలు కలిపారని అర్థం, పాలలో నూనెలో కలిపేది ఏ, డి విటమిన్లు. అయితే నా అంత లోపాన్ని తిండితో పూడ్చలేమని డాక్టర్ ముందే చెప్పారు.

నాకు 60,000 యూనిట్ల విటమిన్ డి గోళీ వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాశారు. అన్నం తిన్నాక వేసుకోమన్నారు, కొవ్వుతో కలిస్తే బాగా ఒంటబడుతుందట. రోజూ కాల్షియం గోళీ కూడా ఇచ్చారు. నాలుగు వారాల దాకా ఏ తేడా తెలియలేదు, మనసులో భయం పట్టుకుంది. ఏడో వారంలో ఒకరోజు ఫాల్ కుట్టి చాప మీద నుంచి లేచాక చూసుకుంటే, గోడ పట్టుకోలేదు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే 34 వచ్చింది. అరుగుదల నొప్పి మెట్లెక్కేటప్పుడు ఇంకా ఉంది. దానికోసం కాలు చాపి, మోకాలు వంచకుండా పైకెత్తి పట్టుకునే వ్యాయామం రోజుకు రెండుపూటలా చేస్తున్నాను.

నా నొప్పి తగ్గిందని చూసి మా అమ్మ, నా తర్వాతి నెలల కోసం తెచ్చిన విటమిన్ డి స్ట్రిప్‌లోంచి రోజుకొకటి చొప్పున మూడు రోజులు మింగింది. బీపీ గోళీ లెక్కన రోజూ వేసుకోవాలనుకుందట. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆపేయమన్నారు, మూడింటితో ప్రమాదం లేదన్నారు. అట్లాగే వారాల తరబడి మింగితే మాత్రం రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం వస్తాయి, కిడ్నీలు కూడా దెబ్బతినవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదిది. ఇప్పుడా స్ట్రిప్ మీద "ఆదివారం" అని పెన్నుతో రాసి పైఅరలో పెట్టాను.

అమ్మకు 70 దాటాయి. ఒకప్పుడు పొద్దంతా ఎండలో నాట్లేసిన మనిషి, నాలుగేళ్లుగా గడప దాటట్లేదు. నిన్న అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నాను. "నా తోని కాదు బిడ్డా" అంది. ఈ రోజు పొద్దున రక్తం ఇచ్చి వచ్చాం, సోమవారం రిపోర్టు వస్తుంది.