బోటు అడుగున రంధ్రం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. బోటు ఒడ్డున ఉండేది అప్పుడే కాబట్టి జువ్వలదిన్నెలో మామ ఫైబర్ బోటుకి సోనార్ పెట్టించాం. నీళ్లలోకి శబ్దం పంపి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతుని, చేపల్ని తెర మీద చూపించే యంత్రం అది. శబ్దం పంపి, తిరిగొచ్చింది అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ కోసం అడుగున రంధ్రం వేయాలనేసరికి మామకి టెన్షన్. "నీళ్లు రాకూడని చోట నువ్వే బొక్క పెట్టిస్తావేందిరా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

మెకానిక్ చోటు చూసుకోవడానికే ఒక పూట తీసుకున్నాడు. గాలి బుడగలు అడ్డొస్తే శబ్దం ముందుకు పోదు. అందుకే ప్రొపెల్లర్‌కి బాగా ముందు, ఎప్పుడూ మునిగి ఉండే చోట పెట్టాలి. అడుగు వాలుగా ఉంటుంది గదా, ట్రాన్స్‌డ్యూసర్ నేరుగా కిందికి చూసేలా ఆ వాలుకి తగ్గట్టు దిమ్మె కోశాడు. రంధ్రం అంచులకి రెసిన్ పూశాడు, లేకపోతే నీళ్లు ఫైబర్ పొరల్లోకి ఊరతాయి. తర్వాత మెరైన్ సీలెంట్, నట్టు. బలమంతా పెట్టి బిగిస్తే సీలెంట్ మొత్తం బయటికొచ్చేస్తుందట.

ఉప్పునీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. తక్కువ లోతులో 200 కిలోహెర్ట్జ్ శబ్దం వివరంగా చూపిస్తుంది, బాగా లోతుకి 50 కిలోహెర్ట్జ్ మేలు.

బోటు నీళ్లలోకి దించాక మామ తెర వైపు చూస్తే ఒట్టు! టార్చి వేసుకుని నట్టు దగ్గరే కూర్చున్నాడు. చెమ్మ కూడా లేదు. ఇక కేబుల్‌ని ఇంజిన్ వైర్లకి దూరంగా లాగే పని మిగిలింది.